పండగ సీజన్ అమ్మకాలకు ముందు రియల్టర్లు చూసుకోవాల్సినవి

ఆషాఢం వెళ్లిపోతుంటేనే సైట్ విజిట్ల ఫోన్లు మొదలవుతాయి. మహాలయ పక్షాల్లో కాస్త నెమ్మదించినా, శ్రావణం నుంచి దీపావళి దాకా మనకు ఊపిరి సలపదు. ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఈ నెలల్లోనే రావాలి కాబట్టి తొందర ఉంటుంది. తర్వాత నోటీసులు, గొడవలు తెచ్చిపెట్టే బుకింగులు ఎక్కువగా ఆ తొందరలో జరిగినవే. అందుకే తెలంగాణలో పనిచేసే మన సభ్యులంతా సీజన్ మొదలయ్యేలోపే ఒక్కసారి వీటిని సరిచూసుకోవాలి.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. "తప్పు చేసింది బిల్డర్, నేను మధ్యవర్తిని మాత్రమే" అంటే ఇప్పుడు చెల్లదు. రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ఏజెంటును విడిగా, అతని పేరు మీదే బాధ్యుణ్ని చేసింది. రెరాలో నమోదు కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదని 10వ సెక్షన్ చెబుతోంది. ఏజెంటుగా మీ నమోదు లేకపోయినా, నమోదు కాని ప్రాజెక్టును అమ్మినా, రోజుకు 10 వేల రూపాయల చొప్పున జరిమానా పడుతుంది. అది ఆ ప్లాటు లేదా ఫ్లాటు ధరలో 5 శాతం దాకా పెరగొచ్చు. మీకు వచ్చే కమీషన్‌తో దాన్ని పోల్చి చూసుకోండి.

తెలంగాణ రెరాలో ప్రాజెక్టు నంబరు 'పి' అక్షరంతో, ఏజెంటు నంబరు 'ఏ' అక్షరంతో మొదలవుతుంది. కంపెనీ ఇచ్చిన బ్రోచర్ మీద 'ఏ' నంబరు చూసి ప్రాజెక్టుకు రెరా ఉందని అనుకోవద్దు, అది మార్కెటింగ్ సంస్థది. 'రెరా అప్లైడ్' అని రాసి ఉంటే నంబరు ఇంకా రాలేదని అర్థం. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసిన వెంచరైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటైనా, నంబరు వచ్చేదాకా ప్రకటన కూడా ఇవ్వకూడదు. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టా రీల్ కూడా ప్రకటనలే. నంబరు ఇచ్చినా రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ప్రాజెక్టు పేరు, సర్వే నంబర్లు, గడువు బ్రోచర్‌తో సరిపోవాలి.

ప్రీలాంచ్ (రెరా నంబరు రాకముందే అమ్మడం) గురించి మరింత గట్టిగా చెప్పాలి. మార్కెట్ ధరలో సగానికే ఫ్లాటు, డబ్బంతా ఒకేసారి కట్టాలి అనే ఆఫర్లకు దూరంగా ఉండండి. ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు సేల్ అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయాలని చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. ఇక బైబ్యాక్ (తర్వాత మేమే తిరిగి కొంటామనడం), నెలనెలా గ్యారంటీ అద్దె లాంటి హామీలు కలిస్తే, వ్యవహారం స్థలం అమ్మకం దాటి డిపాజిట్ వసూలు కిందికి వెళ్లే ప్రమాదం ఉంది. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో ప్రత్యేక చట్టమే వచ్చింది. అలాంటి ప్రాజెక్టు ఆగిపోతే కొన్నవాళ్లు మొదట తలుపు తట్టేది తమను తీసుకెళ్లి సంతకం పెట్టించిన మనిషిదే. ఆ మనిషి చాలాసార్లు వాళ్ల బంధువో, కాలనీలో తెలిసినవాడో అయి ఉంటాడు. వాళ్లు కట్టింది జీవితాంతం దాచుకున్న సొమ్ము.

వెంచర్లలో చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది: తనఖాలో ఉన్న ప్లాట్లు ఏవి? రోడ్లు, డ్రైనేజీ పూర్తిచేస్తామన్న హామీగా డెవలపర్ కొన్ని ప్లాట్లను, లేఅవుట్‌కు అనుమతిచ్చే హెచ్‌ఎండీఏ వంటి సంస్థకు తనఖా పెడతాడు. పనులు పూర్తయి ఫైనల్ లేఅవుట్ చేతికొచ్చి, వాటిని విడిపించేదాకా ఆ ప్లాట్లు అమ్మకూడదు. సీజన్‌లో మంచి ప్లాట్లు అయిపోయాక ఇవే "మీకోసం ఉంచాం" అంటూ బయటికొస్తాయి. లేఅవుట్ కాపీ తెచ్చుకుని, తనఖా ప్లాట్ల నంబర్లను మీ దగ్గరున్న ప్లాన్ మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకోండి. ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు డ్రాఫ్ట్‌దా, ఫైనల్‌దా అన్నది కూడా అప్పుడే తేలిపోతుంది.

కాగితాల విషయంలో ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే చూసి సంతృప్తి పడవద్దు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వీలునామాలు, చాలా కోర్టు కేసులు ఈసీలో కనబడవు. లింక్ డాక్యుమెంట్లన్నీ (ఆస్తి ఇదివరకు చేతులు మారిన పాత దస్తావేజులు) వరుసగా లాయరుకు చూపించాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఆధారంగా మాత్రమే అమ్మకం జరిగితే యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. వ్యవసాయ భూమి అయితే భూరికార్డుల పాత పోర్టల్ ధరణి నుంచి ఎప్పుడో తీసిన ప్రింటవుట్ సరిపోదు. 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త పోర్టల్‌లో ఇవాళ్టి వివరాలు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా చూడండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకిచ్చిన, అమ్మకూడని భూమి) అని తేలితే ఎంత లాభం కనబడినా అక్కడితో ఆపేయండి. లేఅవుట్ అనుమతి లేకుండా గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లను ఇంటి స్థలంగా చూపించడం నేరుగా మోసం కిందికే వస్తుంది.

చెరువు పక్క స్థలాలైతే ఇంకా జాగ్రత్త. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్ జోన్, అంటే కట్టడాలు కట్టకూడని ప్రాంతం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక కస్టమర్లు ఈ ప్రశ్న ముందే అడుగుతున్నారు. ఎండాకాలంలో చూసిన నేలను బట్టి జవాబు చెప్పకండి. ఎఫ్‌టీఎల్ మ్యాప్ చూడండి, అనుమానముంటే ఇరిగేషన్, రెవెన్యూ అధికారుల దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి.

డబ్బు విషయాలు క్లుప్తంగా. స్థలం లావాదేవీకి 20 వేల రూపాయలు, ఆపైన నగదు అడ్వాన్స్ తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడొచ్చు. టోకెన్ అడ్వాన్స్ మీ సొంత ఖాతాలో వేయించుకోవద్దు, నేరుగా అమ్మేవాళ్ల ఖాతాలోకే వెళ్లనివ్వండి. ఆస్తి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు అందులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) కట్టాలి. అమ్మే వ్యక్తి ఎన్నారై అయితే లెక్క వేరు, ఆడిటర్‌ను అడగాల్సిందే. 20 లక్షల పైన టర్నోవర్ ఉంటే కమీషన్‌పై జీఎస్టీ వర్తిస్తుంది. ఆ స్థాయి ఏజెంట్లు 2020 డిసెంబరు నుంచి మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి కూడా వచ్చారు కాబట్టి కస్టమర్ కేవైసీ (గుర్తింపు) కాగితాలు భద్రపరచాలి.

ప్రతి బుకింగ్‌కూ ఒక ఫైలు పెట్టండి. అందులో రెరా పేజీ ప్రింటు, లేఅవుట్ కాపీ, కస్టమర్‌కు ఏ కాగితాలు ఎప్పుడు ఇచ్చారో వాళ్ల సంతకంతో రసీదు ఉండాలి. మెట్రో వస్తుందని, రింగ్ రోడ్డు పక్కనే అని నోటిమాటగా చెప్పకండి, మీ దగ్గర కాగితం ఉన్నదే చెప్పండి. మీ కింద పనిచేసే కుర్రాళ్లు ఫోన్లో ఏం హామీలిస్తున్నారో వారానికోసారైనా వినండి, రేపు అవి మీ మాటలుగానే లెక్కకొస్తాయి.

రెరా నుంచి నోటీసు వస్తే కంపెనీ వాళ్లు చూసుకుంటారులే అని పక్కన పెట్టకండి. గడువులోగా మీ తరఫున మీరే జవాబు ఇవ్వాలి. రెరా ఆదేశాలు పాటించకపోతే దానికి విడిగా ఇంకో జరిమానా ఉంది. టెన్షన్ పడకుండా ఫైలు తీసుకుని ఆ వారంలోనే లాయరును కలవండి.