చూపు తగ్గిన జేజికి రాత్రిపూట వాక్యం చదివి వినిపించడం ఎలా

మా జేజికి కళ్లు మసకబారాక రాత్రి ప్రార్థనలో బైబిలు చదివే పని నాకొచ్చింది. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దామె ఉంటే, సంగటి తిన్న వెంటనే కూర్చోండి. ఆలస్యమైతే పిల్లలు నిద్రకు తూగుతారు. టీవీ ఆపేయండి.

ఆమెకు బాగా వినపడే చెవి వైపు కూర్చుని, ప్రతి వచనం సగంలో కాస్త ఆగండి. అప్పుడే జేజి పెదాలు కదులుతాయి, మిగతా సగం ఆమే అందుకుంటుంది. తొందరపడి మీరు చదివేయొద్దు.

ఏం చదవాలా అని టెన్షన్ వద్దు, కీర్తనలు ఉన్నాయి కదా. 119వ కీర్తనలో 176 వచనాలు, 8 చొప్పున 22 భాగాలు. రాత్రికి ఒక భాగం చాలు. పిల్లల చేత 117వది చదివించండి, అందులో ఉన్నవి 2 వచనాలే.

పాత అనువాదమే పట్టుకోండి. జేజికి నోటికి వచ్చిన మాటలు కొత్తదాంట్లో ఉండవు. పగలు ఫోన్లో ఆడియో పెట్టినా సరే, రాత్రికి మాత్రం ఇంటి మనిషి గొంతే ఉండాలంటాను.

ప్రార్థన ఆమెకే వదిలేయండి. కువైట్‌లో ఉన్న చిన్నాయనను, శనగ చేనును, రాని వానను, మనవళ్లను పేరుపేరునా తలుచుకుంటుంది. ఎంతసేపైనా మధ్యలో ఆమేన్ అనకండి.