కాల్ కలుస్తుంది, మాట రాదు: ఆస్టరిస్క్ పెట్టుకున్నాక వచ్చే చిక్కులు

సమస్య: ఫోన్ మోగుతుంది, మన మాట వాళ్ళకి వినపడుతుంది, వాళ్ళ మాట మాత్రం మనకి రాదు

ఆస్టరిస్క్ అంటే ఆఫీసు ఫోన్ కాల్స్‌ని కంప్యూటర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్. మాట రాకపోతే ముందు హెడ్‌సెట్ మారుస్తాం, తర్వాత కేబుల్ మారుస్తాం. తప్పు అక్కడ ఉండదు. ఇంటర్నెట్ ఫోన్‌లో కబురు ఒక దారిన, గొంతు ఇంకో దారిన వెళ్తాయి. బెల్ కొట్టించేది సిప్, దాని పోర్ట్ 5060. గొంతును మోసేది ఆర్టీపీ. ఆస్టరిస్క్ దానికి మామూలుగా 10000 నుంచి 20000 దాకా పోర్టులు వాడుతుంది. గొంతు ఏ అడ్రస్‌కి పంపాలో సిప్ కబురులోనే రాసి ఉంటుంది.

ఆ అడ్రస్ మీ కళ్ళతో చూడండి. ఆస్టరిస్క్ కన్సోల్‌లో పీజేసిప్ (ఆస్టరిస్క్‌లో సిప్ పని చూసే భాగం) లాగర్ ఆన్ చేసి ఒక కాల్ చేయండి. మన సర్వర్ పంపిన మెసేజ్‌లో ఇంగ్లిష్ 'సి' అక్షరంతో మొదలయ్యే లైన్ వెతకండి. అక్కడ 192.168.1.20 లాంటి నంబర్ ఉంటే దొంగ దొరికినట్టే. అది ఆఫీసు లోపల మాత్రమే పనికొచ్చే అడ్రస్. ఊరి పేరు రాయకుండా 'వేపచెట్టు పక్కిల్లు' అని ఉత్తరం వేసినట్టు, అవతలివాళ్ళు గొంతు పంపుతూనే ఉంటారు, అది మనకి చేరదు.

పరిష్కారం: పీజేసిప్ ఫైల్‌లోని ట్రాన్స్‌పోర్ట్ భాగంలో ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ రెండింటికీ పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో బయటికి కనపడే మీ అడ్రస్) ఇవ్వండి. లోకల్ నెట్ దగ్గర 192.168.1.0/24 అని మీ లోపలి నెట్‌వర్క్ రాయండి. ఎండ్‌పాయింట్ (ఒక్కో ఫోన్ లేదా లైన్ సెట్టింగుల) భాగంలో డైరెక్ట్ మీడియాకి 'నో' పెట్టండి, అప్పుడు గొంతు సర్వర్ మీదుగానే వెళ్తుంది. రౌటర్‌లో ఆర్టీపీ పోర్టుల్ని యూడీపీగా సర్వర్‌కి ఫార్వర్డ్ చేసి, సిప్ ఏఎల్‌జీ (సిప్ కబురుల్లోని అడ్రస్‌లని రౌటరే మార్చే సదుపాయం) ఆపేయండి. సాయం చేయాల్సిన ఆ ఏఎల్‌జీయే చాలా రౌటర్లలో అడ్రస్‌లు చెడగొడుతుంది.

ఆ తర్వాత రీలోడ్ సరిపోదు. ట్రాన్స్‌పోర్ట్‌లో మార్పులు మామూలుగా ఆస్టరిస్క్‌ని రీస్టార్ట్ చేస్తేనే అమల్లోకి వస్తాయి. ఇది తెలియక నేను ఒక రాత్రంతా సరైన సెట్టింగునే మళ్ళీ మళ్ళీ మార్చాను.

అన్నీ సరిగ్గా ఉన్నా మాట రాకపోతే రౌటర్ వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపున్న అడ్రస్) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ లైన్‌కి సొంత పబ్లిక్ ఐపీ లేదు, ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా లాభం లేదు. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీని స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) అడిగి తీసుకోవాలి. కరెంటు పోయి వచ్చాక ఐపీ మారిపోయే లైన్లకీ ఇదే మందు.

సమస్య: వచ్చిన కాల్ ఎత్తాక సరిగ్గా 32 సెకన్లకి కట్ అవుతుంది

ఇదీ అడ్రస్ గొడవే. మనం ఎత్తామన్న కబురుకి అవతలి నుంచి 'అందింది' అన్న జవాబు రావాలి. అది రాకపోతే సిప్ లెక్క ప్రకారం 32 సెకన్లు చూసి కాల్ తెగిపోతుంది. పైన చెప్పిన సిగ్నలింగ్ అడ్రస్ సరిచేస్తే చాలు.

సమస్య: కాసేపు కాల్స్ లేకపోతే, ఆ తర్వాత ఇన్‌కమింగ్ రాదు

రౌటర్ ఆ దారిని మూసేసింది. పీజేసిప్ ఫైల్‌లో ఏఓఆర్ (అవతలి వైపు ఏ అడ్రస్‌లో దొరుకుతుందో రాసే) భాగంలో క్వాలిఫై ఫ్రీక్వెన్సీ 30 పెట్టండి. ప్రతి 30 సెకన్లకీ ఒక పలకరింపు వెళ్ళి దారి తెరిచి ఉంటుంది. అంతేకానీ, దీనికోసం 5060ని లోకమంతటికీ తెరవకండి. పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తిరిగే ప్రోగ్రాములు దాన్ని పట్టుకుంటే మీ బిల్లు మీద విదేశీ కాల్స్ చేస్తాయి. ఫైర్‌వాల్‌లో ట్రంక్ (బయటి కాల్స్ మోసే లైన్) ఇచ్చిన కంపెనీ ఐపీలకి మాత్రమే అనుమతి ఇవ్వండి.