జ్వరం లేదని నమ్మకండి: ఎక్మో రోగికి ఇన్ఫెక్షన్ జాగ్రత్తలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో ఇచ్చిన నివేదిక భయపెట్టేలా ఉంది. 2023లో ల్యాబులో నిర్ధారణ అయిన బాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచమంతటా ఆరింట ఒకటి యాంటీబయోటిక్‌కు లొంగలేదు. మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో మూడింట ఒకటి. వానలు పడితే ఫ్లూ, తీవ్ర న్యుమోనియా కేసులు పెరిగి ఎక్మో (రక్తాన్ని ఒంటి బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే యంత్రం) పడకలు నిండుతాయి. ఐసీయూ నర్సులు, జూనియర్ డాక్టర్లు, పర్‌ఫ్యూజనిస్టుల (ఎక్మో యంత్రాన్ని నడిపేవాళ్ల) కోసం ఈ నాలుగు మాటలు. చేతుల శుభ్రత గురించి మీకు చెప్పనక్కర్లేదు.

నేను చూసినంతలో రోగులను ముంచే పొరపాటు ఒకటే: "జ్వరం లేదు కదా" అనుకోవడం.

ఎక్మో మీద ఉన్న పెద్దవాళ్లలో నిమిషానికి నాలుగైదు లీటర్ల రక్తం బయటికి వచ్చి, హీటర్ నీటి వేడిని అందుకుని తిరిగి ఒంట్లోకి వెళుతుంది. నీటిని 37 దగ్గర పెడితే ఒళ్లు కూడా అక్కడే ఉంటుంది. చార్టులో 36.8, 36.9, 36.8 అని వరుసగా పడేది యంత్రం పెట్టిన అంకె. అందుకే ఒంటి వేడి పక్కనే హీటర్ అంకెను కూడా గంటగంటకూ రాయండి. ఒళ్లు 37 దాటకుండా ఉంచడానికి నీటిని అర డిగ్రీ, డిగ్రీ తగ్గించుకుంటూ పోవాల్సి వస్తుంటే, అదే జ్వరం. బీపీ నిలబెట్టే మందు మోతాదు పెరుగుతున్నా, రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగేది) ఎక్కుతున్నా, కఫం చిక్కబడి రంగు మారినా జ్వరం కోసం ఎదురుచూడకండి. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష), తెల్లకణాలు సర్క్యూట్ (రక్తం తిరిగే ట్యూబులు, ఆక్సిజనేటర్) వల్ల కూడా మారతాయి. ఒక్క రిపోర్టుతో తేల్చేయకుండా రోజురోజుకూ ఎటు పోతున్నాయో చూడండి.

అలాగని భయపడి మొదటి రోజు నుంచి ఎక్మో తీసేదాకా యాంటీబయోటిక్ నడపడమూ తప్పే. ఎక్మో పెట్టామన్న ఒక్క కారణానికి యాంటీబయోటిక్ అక్కర్లేదు. అలా వాడిన చోట మందులకు లొంగని క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ బాక్టీరియాలు పాతుకుపోతాయి, వెనకే కాండిడా అనే ఫంగస్ వస్తుంది.

మోతాదు విషయంలో ఇంకో చిక్కు. కొవ్వులో కరిగే మందులు, ప్రొటీన్లను పట్టుకునే మందులు ట్యూబులకు, ఆక్సిజనేటర్‌కు అంటుకుపోతాయి. ఫంగస్‌కు ఇచ్చే వోరికొనజోల్ మరీను. సర్క్యూట్ మార్చిన రోజు ఆ నష్టం మళ్లీ మొదలవుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నా, డయాలసిస్ నడుస్తున్నా లెక్క మారిపోతుంది. వాంకోమైసిన్, అమికసిన్, వోరికొనజోల్‌కు రక్తంలో మందు స్థాయి చూడాల్సిందే.

యాంటీబయోటిక్‌కు ముందే బ్లడ్ కల్చర్ (ఏ క్రిమో తేల్చే రక్త పరీక్ష) తీయండి. బీపీ పడిపోతుంటే కల్చర్ తీసిన వెంటనే మందు ఇవ్వండి, రిపోర్టు కోసం ఆగొద్దు. రిపోర్టు వచ్చాక అవసరం లేని మందులు ఆపండి. నమూనాల కోసం సర్క్యూట్‌ను పదేపదే తెరవొద్దు. కొవ్వు ఎమల్షన్లు సర్క్యూట్‌లోకి ఎక్కించొద్దు. హీటర్‌లో కుళాయి నీళ్లు పోయొద్దు. గుండె ఆపరేషన్లలో వాడే హీటర్-కూలర్ల నీటి నుంచే మైకోబాక్టీరియం కిమేరా అనే బాక్టీరియా రోగులకు సోకింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల గజ్జల్లో కాన్యులా (రక్తనాళంలో పెట్టిన గొట్టం) చుట్టూ రక్తం ఊరుతూనే ఉంటుంది, డ్రెస్సింగ్ తడిస్తే అప్పుడే మార్చండి, డ్యూటీ మారేదాకా ఉంచొద్దు. డ్యూటీ అప్పగించేటప్పుడు "జ్వరం లేదు" అని చెప్పొద్దు, హీటర్ ఎంతలో ఉందో చెప్పండి. ప్రతి యాంటీబయోటిక్ పక్కన ఆపే తేదీ రాయండి. తేదీ లేకపోతే రౌండ్లలోనే నిలబెట్టి అడగండి.