రెండు అప్‌స్ట్రీమ్‌లున్న నెట్‌వర్క్‌లో ఫెయిలోవర్‌ను సరిచూసుకునే విధానం

విశాఖపట్నంలో ఇద్దరు అప్‌స్ట్రీమ్ ప్రొవైడర్ల (తనకు ఇంటర్నెట్ అందించే పెద్ద సంస్థల) నుంచి లింకులు తీసుకున్న చిన్న ఐఎస్‌పీ (ఇంటర్నెట్ సేవా సంస్థ), ఒక లింకు తెగితే ట్రాఫిక్ రెండోదానికి మళ్లే ఫెయిలోవర్‌ను సరిచూసుకోవాలంటే, రౌటర్ జోలికి వెళ్లే ముందు కేబుళ్లు వచ్చే దారిని చూడాలి. బిల్లులు వేరైనంత మాత్రాన ఫైబర్లు వేరు కావు. రెండూ జాతీయ రహదారి 16 పక్కన ఒకే కందకంలో వస్తున్నట్లయితే ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ తెగుతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి స్తంభాలను ఎలా కూల్చిందో చూసినవారు కనీసం ఒక లింకైనా వేరే దిక్కు నుంచి భూగర్భంలో రావాలని పట్టుబట్టడం మంచిది.

సొంత ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో మీ నెట్‌వర్క్‌ను గుర్తించే సంఖ్య), కనీసం స్లాష్ 24 ఐపీవీ4 బ్లాకు (256 చిరునామాలు) ఉండాలి. అంతకంటే చిన్న బ్లాకును చాలా నెట్‌వర్కులు స్వీకరించవు.

అసలు చిక్కు, లింకు పోయిందని రౌటర్‌కు ఎప్పుడు తెలుస్తుందన్నది. ఫైబర్ నేరుగా పోర్టులోకి వస్తే తెగగానే ఇంటర్‌ఫేస్ డౌన్ అవుతుంది. మధ్యలో ప్రొవైడర్ స్విచ్ ఉండి, దానికి అవతల తెగితే, మీ పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంటుంది; బీజీపీ (రౌటర్లు ఒకదానికొకటి దారులు తెలుపుకునే ప్రోటోకాల్) హోల్డ్ టైమ్, అంటే అవతలి నుంచి కబురు లేకున్నా వేచి చూసే గడువు, ముగిసేదాకా ట్రాఫిక్ గాలిలో కలిసిపోతుంది. బీజీపీ ప్రమాణం సూచించే ఆ వ్యవధి 90 సెకన్లు. సిస్కో రౌటర్లలో డిఫాల్ట్‌గా 180. అందుకే బీఎఫ్‌డీ (చిన్న ప్యాకెట్లు పంపుకుంటూ లింకు బతికుందో లేదో వెంటవెంటనే చూసే పద్ధతి) పెట్టమని ప్రొవైడర్‌ను అడగండి: 300 మిల్లీసెకన్లకొక ప్యాకెట్, మూడు తప్పితే సెషన్ డౌన్ అని పెడితే సెకను లోపే విషయం తెలుస్తుంది. వైర్‌లెస్ లింకుపై మాత్రం ఇంత తొందర పనికిరాదు, సెషన్ ఊరికే పడి లేస్తుంటుంది.

బీఎఫ్‌డీ కూడా పక్క రౌటర్ వరకే చూస్తుంది. ఆ ప్రొవైడర్ లోపలి నెట్‌వర్క్ తెగినా డిఫాల్ట్ రూటు (ఏ గమ్యానికైనా ఇటే పంపమనే దారి) వస్తూనే ఉండవచ్చు కనుక, దానితోపాటు నిర్దిష్ట గమ్యాలకు చెందిన కొన్ని అసలు రూట్లు కూడా తీసుకోవాలి.

ఏ లింకుకు ప్రాధాన్యమివ్వాలో మీ రౌటర్‌కు చెప్పే లోకల్ ప్రిఫరెన్స్ బయటికి వెళ్లే ట్రాఫిక్‌నే మలుస్తుంది. లోపలికి వచ్చేదాన్ని మళ్లించడానికి చేసే ప్రిపెండింగ్‌ను (మీ ఏఎస్ నంబరును పదేపదే చేర్చి ఆ దారిని పొడవుగా చూపడాన్ని), తమ కస్టమర్ రూట్లకే ప్రాధాన్యమిచ్చే ప్రొవైడర్ లెక్కచేయకపోవచ్చు. అక్కడ వారి కమ్యూనిటీలే (ప్రొవైడర్ పాటించేలా మీ రూట్లకు తగిలించే సూచన ట్యాగులే) గతి.

రాత్రి రద్దీలో వచ్చే మొత్తం ట్రాఫిక్ ఒక్క లింకులో పట్టాలి, లేకుంటే రెండోది ఉన్నట్టు కాదు.

పరీక్షను తెల్లవారుజామున చేయండి. షట్‌డౌన్ కమాండ్ ఇచ్చి సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే సెషన్‌ను మూసేటప్పుడు రౌటర్ అవతలివైపుకు ముందే కబురు పంపుతుంది, నిజంగా తెగిన ఫైబర్ పంపదు. ప్రొవైడర్ మనిషిని ఒప్పించి స్విచ్‌కు అవతలివైపు తీగను లాగించి, మొబైల్ డేటా నుంచి మీ ఐపీకి పింగ్ పంపుతూ ఎన్ని సెకన్లు జవాబు రాలేదో రాసుకోండి. తీగను తిరిగి పెట్టినప్పుడూ అదే లెక్క తీయండి.