తలకోన దారిలో కారు మొరాయిస్తే: చలికాలం ప్రయాణానికి సమస్య - పరిష్కారం

తిరుపతి నుంచి తలకోన జలపాతం సుమారు 60 కిలోమీటర్లు. దగ్గరే కదా అన్న ధీమాతోనే చాలామంది కారు బానెట్ కూడా ఎత్తి చూడకుండా బయలుదేరతారు. నేనూ అలా వెళ్లినవాణ్నే. కానీ రంగంపేట దాటాక భాకరాపేట ఘాట్ ఉంది, దాని తర్వాత శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు అడవి ఉంది. 1989లో ప్రకటించిన ఈ పార్కు 353 చదరపు కిలోమీటర్లు. లోపల మెకానిక్ షాపు ఉండదు.

ఇంకో మాట. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, వాటి వెనకే చలి వస్తుంది. కాబట్టి మన చలికాలంలో బండిని ఎక్కువగా సతాయించేది చలి కంటే తడే. కింద చెప్పిన తిప్పల్లో కొన్ని అక్కణ్నుంచి వచ్చినవే.

"ముందు అద్దం తెల్లగా అయిపోయింది"

తెల్లవారుజామున ఐదింటికి ఐదుగురం ఎక్కి అద్దాలు మూసుకుంటే చంద్రగిరి కూడా రాకముందే ఇది మొదలవుతుంది. అందరూ చేసే పని, చేతికి దొరికిన గుడ్డతో తుడవడం. తుడిచిన నిమిషానికి మళ్లీ తెల్లబడుతుంది, పైగా గుడ్డ జిడ్డు అంటుకుని ఎదురు లైట్లు చెదిరి కనపడతాయి.

ముందు తడి ఎటువైపుందో తెలుసుకోండి. అద్దం మీద లోపలి నుంచి వేలితో ఒక గీత గీయండి. గీత పడితే తడి లోపల ఉన్నట్టు. మన ఊపిరిలోని ఆవిరి చల్లటి అద్దానికి పట్టింది. దీనికి మందు ఏసీ. చలిలో ఏసీ ఏంటని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తేమను కూడా లాగేస్తుంది. ఏసీ ఆన్‌లో ఉంచి, టెంపరేచర్ నాబ్‌ను ఎరుపు వైపు తిప్పి, గాలిని ముందు అద్దం మీదకు వదలండి. లోపలి గాలే తిరిగేలా చేసే బటన్ ఆపేసి బయటి గాలి రానివ్వండి. కాసేపట్లోనే అద్దం తేటపడుతుంది.

గీత పడలేదంటే తడి బయట ఉంది. ఇది తిరగబడిన కేసు. ఏసీ మరీ చల్లగా పెట్టడం వల్ల అద్దం చల్లబడి, బయటి తేమ దాని మీద పట్టింది. వైపర్ ఒకసారి తిప్పండి, చల్లదనం తగ్గించండి, గాలిని అద్దం మీద నుంచి కాళ్ల వైపు మళ్లించండి.

తిరుగు ప్రయాణంలో ఇదే గొడవ రెట్టింపవుతుంది. జలపాతంలో తడిసిన తువ్వాళ్లు, నిక్కర్లు వెనక సీటు మీద ఆరేసుకుని వస్తే కారు ఇడ్లీ పాత్రే. వాటిని కవర్లో వేసి మూతి బిగగట్టి డిక్కీలో పడేయండి.

"హైబీమ్ వేసినా రోడ్డు కనపడటం లేదు"

హైబీమ్ వేశారు కాబట్టే కనపడటం లేదు. ఆ వెలుగు పొగమంచులోని నీటి తుంపరలకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్‌లో పెట్టి, ఫాగ్ లైట్లుంటే వేసి, ఎడమ అంచు గీత పట్టుకుని మెల్లగా వెళ్లండి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపొద్దు. ఆగారో వెళ్తున్నారో, ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. మరీ దట్టంగా ఉంటే ఘాట్ ఎక్కకముందే టీ కొట్టు దగ్గర ఆగడం మేలు. ఎండ పొడవగానే మంచు విడిపోతుంది. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే, అదీ రాత్రిపూట. చీకట్లో ఈ దారి నేను పెట్టుకోను.

"దిగుతుంటే మాడు వాసన, బ్రేక్ లోపలికి పోతోంది"

దిగినంతసేపూ బ్రేక్ మీద కాలు పెట్టుకునే ఉన్నారు, ప్యాడ్లు కాగిపోయి పట్టు తప్పాయి. పెడల్ మెత్తబడి కిందికి పోతోందంటే బ్రేక్ ఆయిల్ కూడా మరుగుతోందని అనుమానించాలి. గేర్ తగ్గించండి, వెడల్పు చోటు చూసి ఆపండి, అరగంట వదిలేయండి. చక్రాల మీద నీళ్లు మాత్రం కొట్టొద్దు, కాగిన డిస్క్ వంకరపోతుంది. అసలు కిటుకు ఒకటే: ఏ గేర్లో ఎక్కుతామో అదే గేర్లో దిగాలి. ఆటోమేటిక్ బండైతే ఎల్ (లో గేర్) గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. న్యూట్రల్‌లో దిగి పెట్రోలు మిగిల్చే మహానుభావులకు ఒక దండం. తిరుమల నుంచి 40 నిమిషాల లోపు దిగితే ఫైన్ వేసే పద్ధతి పెట్టింది ఘాట్‌లో తొందరపడి దిగేవాళ్ల గురించే.

"పొద్దున్నే టైరు లైటు వెలిగింది"

టైరులో గాలి తగ్గిందని డ్యాష్‌బోర్డులో చెప్పే లైటు ఇది. పంక్చరే కానక్కర్లేదు. వాతావరణం ఐదారు డిగ్రీలు చల్లబడితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత కొట్టించండి. ఇరవై కిలోమీటర్లు తిరిగాక చూపిస్తే రీడింగ్ పెరిగి ఉంటుంది, అది చూసి గాలి తీయించకండి. నాలుగింటిలో ఒక్కటే తగ్గుతుంటే మాత్రం మేకు దిగిందేమో చూడాలి. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

"సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటోంది"

బ్యాటరీ పని అయిపోవచ్చింది, లేదా టెర్మినల్స్‌కు తెల్ల పొడి పట్టింది. పొడి ఉంటే గీకి బిగించండి. జంపర్ కేబుల్‌తో అయితే ఎర్ర వైరు ముందు మీ బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత అవతలి బండి ప్లస్‌కు. నల్ల వైరు అవతలి మైనస్‌కు, చివరి కొన మీ ఇంజిన్ ఇనుముకు, మీ బ్యాటరీ మైనస్‌కు కాదు. నాలుగేళ్ల బ్యాటరీ అయితే ట్రిప్‌కు ముందే షాపులో చెక్ చేయించుకోండి.

"గేటు మూసేశారు", "వంక పారుతోంది"

తలకోన జలపాతం 270 అడుగులు. కింద ఎండ కాస్తున్నా పైన శేషాచలం కొండల్లో వాన పడితే నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి. గేటు దగ్గర ఫారెస్టు వాళ్లతో వాదించి లాభం లేదు. అల్పపీడనం వార్త ఉన్న వారం ట్రిప్ పెట్టుకోకండి. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులయ్యాయి, అడవి సంగతి చెప్పాలా? వంక చప్టా మీద పారుతుంటే ముందు వెళ్లిన ట్రాక్టరును చూసి దిగొద్దు. ఒక అడుగు నీళ్ల పరుగు చాలు, చిన్న కారును తేల్చి పక్కకు లాగేయడానికి.

"ఎదురుగా ఏనుగు"

చంద్రగిరి, భాకరాపేట వైపు ఇవి పొలాల్లోకి దిగుతూనే ఉంటాయి. హారన్ కొట్టొద్దు, హైబీమ్ వేయొద్దు, సెల్ఫీకి దిగొద్దు. దూరంగా ఆపి దారివ్వండి. మీ వైపే వస్తుంటే మెల్లగా రివర్స్ వెళ్లండి.

"సిగ్నల్ పోయింది"

అడవిలో అంతే. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆరింటికల్లా భాకరాపేట చేరి ఫోన్ చేస్తామని, చేయకపోతే ఎవరిని అడగాలో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. మా అత్తగారికి చెబితే ఐదున్నర నుంచే ఫోన్లు మొదలుపెడతారు. అందుకే ఆవిడకే చెబుతాను.