షుగర్ మందు ట్రయల్‌లో చేరమంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

షుగర్‌కో బరువు తగ్గడానికో కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోంది, మందులూ పరీక్షలూ ఉచితం, దారి ఖర్చులు కూడా ఇస్తారు అని ఆసుపత్రిలో చెప్పగానే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "మనమేమన్నా ఎలుకలమా, వద్దే వద్దు" అనేది ఒకటి. "అంత పెద్ద డాక్టరు చెప్పాక ఇంకా ఆలోచనేంటి, చేరిపో" అనేది రెండోది. రెండు పార్టీలూ మాట్లాడేది కొత్త మందు గురించే. నన్నడిగితే జాగ్రత్త కావాల్సింది మూడు మలుపుల దగ్గర: పాత మందు ఆపేటప్పుడు, డోసు పెంచే మొదటి వారాల్లో, ట్రయల్ అయిపోయిన మర్నాడు. ఈ మూడింటి గురించీ ముందే అడిగి తెలుసుకున్నవాళ్లు చేరినా నిబ్బరంగా ఉంటారు, చేరకపోయినా కారణం తెలిసి మానేస్తారు.

సంతకానికి ముందు

మొట్టమొదట ఆ ట్రయల్ నిజంగా నమోదై ఉందో లేదో చూడండి. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నడిపే సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీ (ట్రయల్స్ నమోదు చిట్టా) 2007లో మొదలైంది. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరి. నమోదైన ట్రయల్‌కి ఇచ్చే నంబరులో సీటీఆర్‌ఐ అనే అక్షరాల తర్వాత ఏడాది, నెల, మరికొన్ని అంకెలు ఉంటాయి. దాన్ని ఫోన్‌లో వెతికితే ఏ మందో, డబ్బు ఎవరు పెడుతున్నారో, ఏయే ఊళ్లలో జరుగుతోందో, ఎవరిని చేర్చుకోకూడదో అన్నీ కనిపిస్తాయి. నంబరు అడిగితే నీళ్లు నమిలేచోట చేరొద్దు.

తర్వాత అంగీకార పత్రం. పేజీలు చాలానే ఉంటాయి. తెలుగు కాపీ అడిగి ఇంటికి తెచ్చుకోండి. "ఇవాళే పెట్టాలి, ఒక్క సీటే మిగిలింది" అంటే ఆ సీటు ఇంకొకరికి ఇమ్మనండి. సంతకం విలువేంటో మన దగ్గర చేదుగానే తెలిసొచ్చింది. ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనానికి హాస్టల్ అమ్మాయిల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ అధ్యయనం ఆగిపోయింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును గట్టిగా తప్పుపట్టింది. ఇప్పుడు 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. కానీ ఆ నిబంధనలు మీ బదులు కూర్చుని ఫారం చదవవు.

అన్నీ ఒకేలా చదవలేకపోతే మూడు విషయాలు వెతికి పట్టుకోండి. డాక్టరు నంబరుతో పాటు ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల హక్కులు, భద్రత చూసే సంఘం) నంబరు విడిగా ఉందా. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం ఎవరు ఇస్తారని రాశారు. నిబంధనల ప్రకారం ఇవి రెండూ మీ హక్కు. ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే కట్టే పరిహారం సూత్రానికి 8 లక్షల రూపాయలు ప్రాతిపదిక. మూడోది, మధ్యలో ఎప్పుడైనా కారణం చెప్పకుండా మానుకోవచ్చనీ, దానివల్ల ఆ ఆసుపత్రిలో మీకు అందే మామూలు వైద్యం ఆగదనీ ఉందా.

ఇంకో మాట. ట్రయల్‌లో మీ డాక్టరుకి రెండు పనులుంటాయి: మిమ్మల్ని చూసుకోవడం, ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో ముందే రాసుకున్న పద్ధతి) ప్రకారం లెక్కలు తీయడం. ఆయన మంచితనం మీద అనుమానం అక్కర్లేదు గానీ, ఆ ట్రయల్‌తో సంబంధంలేని మీ పాత డాక్టరుకి ఒకసారి ఫారం చూపించడం మాత్రం మానొద్దు.

పాత మందు ఆపితే

కొన్ని ట్రయల్స్‌లో కొత్త మందు ప్రభావం విడిగా తెలియడానికి ముందు కొన్ని వారాలు మీ పాత మాత్రలు ఆపేస్తారు. ఆ తర్వాత కూడా మీకు వచ్చేది అసలు మందో, ఏ మందూ లేని డమ్మీ మాత్రో మీకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఆ రోజుల్లో షుగర్ పెరిగితే ఏం చేస్తారని అడగండి. సరైన ట్రయల్‌లో ఒక గీత గీసి ఉంటుంది: చాలాచోట్ల మొదటి వారాల్లో పరగడుపు షుగర్ 270 దాటి, మళ్లీ చూసినా అలాగే ఉంటే తెలిసిన మందు ఒకటి కలుపుతారు. మీ ట్రయల్‌లో ఆ అంకె ఎంతో ఫారం మీదే రాయించుకోండి. గ్లూకోమీటరు, స్ట్రిప్పులు వాళ్లిస్తారా, రోజూ ఎన్నిసార్లు చూసుకోవాలి అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఇక్కడే మనవాళ్లు దాచే సంగతి ఒకటుంది. పొడపత్రి చూర్ణం, నేరేడు గింజల పొడి, పొద్దున్నే కాకరకాయ రసం, ఎవరో ఇచ్చిన పేరులేని కషాయం... "అవి మందులు కావుగా" అని చెప్పరు. చెప్పాలి. షుగర్ తగ్గించే ఏ పొడైనా కొత్త మందుతో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. పడకపోయినా లెక్క తప్పుతుంది, మీరు పడిన శ్రమ వృథా.

ఆహారం మీద జరిగే ట్రయల్స్‌లో ఈ మలుపు ఇంకా పదునుగా ఉంటుంది. బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' అనే ట్రయల్‌లో రోజుకు 825 నుంచి 853 క్యాలరీలతో కొన్ని నెలలు నడిపారు. ఏడాది తిరిగేసరికి ఆ వర్గంలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. ఈ మాట మాత్రం వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. మొదటి రోజే వాళ్ల షుగర్, బీపీ మాత్రలు ఆపి, నర్సులూ డైటీషియన్లూ వెంట ఉండి చూసుకున్నారన్నది తిరగదు. షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ లాంటిది వేసుకుంటూ ఇంట్లోనే ఆ తిండి మొదలుపెడితే షుగర్ డౌన్ అయి పడిపోయే ప్రమాదం ఉంది.

షుగర్ 70 కంటే దిగితే, లేదా చెమటలు పట్టి చేతులు వణికితే, మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. షుగర్ ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే. ఇంట్లో పంచదార ఉందిగా అనుకోవద్దు: వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు పంచదార త్వరగా ఒంటికి ఎక్కదు, గ్లూకోజే కావాలి. ట్రయల్‌లో ఉన్నన్నాళ్లూ ఒక ప్యాకెట్ మంచం పక్కన, ఒకటి బ్యాగులో ఉండాలి.

పండగలూ దీక్షలూ కూడా లెక్కలోకి తీసుకోవాలి. 13 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఎపిడయార్ అధ్యయనంలో, రంజాన్ ఉపవాసాల్లో టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు తీవ్రంగా షుగర్ పడిపోవడం మామూలు రోజులకంటే ఏడున్నర రెట్లు పెరిగింది. అయ్యప్ప దీక్షకైనా, కార్తీక సోమవారాలకైనా ఇదే జాగ్రత్త. చేరే ముందే క్యాలెండర్ ముందు పెట్టి డాక్టరుతో మాట్లాడుకోండి.

మొదటి వారాలు

షుగర్‌కూ బరువు తగ్గడానికీ ఇచ్చే సెమాగ్లుటైడ్ తరహా ఇంజెక్షన్లను చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. బరువు తగ్గడానికైతే వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగేసి వారాలకు పెరుగుతూ 2.4కి చేరడానికి 16 వారాలు పడుతుంది. ప్రతి మెట్టు దగ్గరా వికారం, వాంతులు రావచ్చు. "కాస్త ఓర్చుకుంటే సరిపోతుంది" అని ఊరుకోకండి. వాంతులతో ఒంట్లో నీరు తగ్గితే, పైగా బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటుంటే, కిడ్నీలకు దెబ్బ. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలైతే ఇంకో చిక్కు: షుగర్ పెద్దగా పెరగకుండానే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పేరుకుపోవచ్చు. తిండి సహించక, కడుపునొప్పి, ఆయాసం ఉంటే మీటరులో 180 చూపిస్తోందని నిశ్చింతగా ఉండొద్దు.

కళ్ల పరీక్ష చేరకముందే చేయించుకోండి. 2016లో వెలువడిన సస్టెయిన్-6 ట్రయల్‌లో సెమాగ్లుటైడ్ వర్గంలో రెటీనా (కంటి వెనక పొర) సమస్యలు 3.0 శాతం మందికి, డమ్మీ వర్గంలో 1.8 శాతం మందికి వచ్చాయి. అప్పటికే రెటీనా దెబ్బతిన్నవాళ్లకే ముప్పు ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ అనే అరుదైన రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందు జోలికే వెళ్లకూడదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్లు ఆ మాట మొదటి రోజే చెప్పాలి.

వాళ్లిచ్చే ట్రయల్ కార్డు పర్సులో ఆధార్ కార్డు పక్కనే పెట్టుకోండి. రాత్రిపూట వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడివాళ్లకు మీరు ఏ మందు మీద ఉన్నారో చెప్పేది అదే. ఆసుపత్రిలో చేరేంత ఇబ్బంది వస్తే ట్రయల్ డాక్టరు తనకు తెలిసిన 24 గంటల్లో పైకి తెలియజేయాలి. మీరు ఫోన్ చేస్తేనే కదా ఆయనకు తెలిసేది.

తెలిసిన మందులే అయితే భయంలేదు అనుకోవడానికీ వీల్లేదు. అమెరికా, కెనడాల్లో 10,251 మందితో జరిగిన అకార్డ్ ట్రయల్‌లో వాడినవి అందరికీ తెలిసిన మందులే. హెచ్‌బీఏ1సీని (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6 కంటే కిందకు దించాలని గట్టిగా పట్టుబట్టిన వర్గంలో 257 మంది, మామూలు లక్ష్యంతో నడిచిన రెండో వర్గంలో 203 మంది చనిపోయారు. 2008 ఫిబ్రవరిలో ఆ భాగాన్ని ఆపేశారు. ఆపగలిగారంటే, లెక్కలను మధ్యమధ్యలో విడిగా చూసే స్వతంత్ర కమిటీ ఉండబట్టే. మీ ట్రయల్‌కి అలాంటి కమిటీ ఉందా అని అడగండి.

అయిపోయిన మర్నాడు

దీని గురించి ఎవరూ ముందుగా అడగరు. స్టెప్-1 ట్రయల్‌లో 68 వారాల్లో సెమాగ్లుటైడ్ వర్గం సగటున 14.9 శాతం బరువు తగ్గింది. మందు ఆపాక కొంతమందిని ఇంకో ఏడాది గమనిస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. అంటే ఉచితంగా వచ్చే మందు ఆగిన రోజు నుంచీ ఆకలి, బీపీ, షుగర్ మళ్లీ పాత దారి పడతాయి. చివరి విజిట్‌కి ముందే మూడు ప్రశ్నలకు జవాబు రాసిచ్చేలా చూసుకోండి: రేపటి నుంచి ఏ మాత్ర, ఎంత డోసు, మొదటి రక్తపరీక్ష ఎప్పుడు. మందు కొనసాగించే వీలుందా, ఉంటే ఎవరి ఖర్చుతో అన్నది మాత్రం చేరేటప్పుడే తేలాలి.

మీ రిపోర్టుల కాపీలన్నీ తెచ్చుకోండి. మిగిలిన రక్తం నమూనాలను దాచి తర్వాత వాడుకుంటామని ఫారంలో విడిగా ఒక గడి ఉంటే, దానికి విడిగా ఆలోచించి జవాబివ్వండి. అది మంచికే కావచ్చు; పాత ట్రయల్‌లో పాల్గొన్నవాళ్లు ఏళ్ల తర్వాత కూడా కొత్త సంగతి చెప్పగలరు. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకూ పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలను 2003-05లో మళ్లీ వెతికి పరీక్షిస్తే, ఉప్మా అందని ఊళ్లవాళ్లకంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు, ఇన్సులిన్ కూడా వాళ్ల ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది. అలా ఏళ్ల తర్వాత మీ తలుపు కూడా తట్టవచ్చు. ఇష్టం లేకపోతే ఆ గడిలో కాదని రాయండి. దానికీ ట్రయల్‌లో చేరడానికీ ముడిపెడుతున్నారా అని కూడా అక్కడే అడగండి.