సైనిక్‌పురిలో చెట్ల నీడన మంచి బీరు: నా అనుభవం

హైదరాబాద్‌లోని సైనిక్‌పురి వంటి ప్రశాంతమైన నివాస ప్రాంతంలో, ఆరుబయట కూర్చుని మంచి బీరు తాగే చోటు దొరకక చాలాకాలం ఇబ్బంది పడ్డాను. ఫోన్‌లో రేటింగులు చూడడం మాని, పొద్దు వాలాక లోపలి వీధుల్లో నడుస్తూ, పాత బంగళాల ఆవరణల్లో నడిచే రెస్టారెంట్లను స్వయంగా చూసి రావడంతో ఆ సమస్య తీరింది. పడమటి వైపు గుబురు చెట్టు ఉన్న ఆవరణలో వేసవి సాయంత్రాలు కూడా హాయిగా గడుస్తాయి.

తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు, అంటే అక్కడికక్కడే బీరు కాచి పోసే చిన్న కేంద్రాలకు, 2015లోనే అనుమతి వచ్చింది గనుక తాజా బీరు నగరానికి కొత్తేమీ కాదు. అయినా పీపా ఎప్పుడు తెరిచారో అడగనిదే నేను ఆర్డర్ ఇవ్వను. జర్మన్ పద్ధతి గోధుమ బీరు కాస్త మసకగా ఉండి, ఈస్ట్ వల్ల అరటిపండు, లవంగాల వాసన రావాలి. గ్లాసుకు సబ్బు అంటి ఉంటే నురగ నిలవదు. చుట్టూ ఇళ్లే కాబట్టి, స్పీకర్లు బయట పెట్టని చోటికే వెళతాను.